పైడమ్మ దబ్బ మొక్కలూ, నేను చంపించిన పురుగులూ

మా అన్నయ్య మనవరాలు తోటల విభాగంలో ఉద్యోగానికి చేరుతూ నన్నడిగింది, "తాతయ్యా, అన్నేళ్ళు ఆ పనిలో నువ్వు చేసిందేమిటి?" అని. ఆకులు వెనక్కి తిప్పి చూశానమ్మా అన్నాను. వేళాకోళమాడుతున్నాననుకుంది. నిజంగా అదే చేశాను. ఆకు ముందువైపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. మన కష్టాలన్నీ వెనకవైపు కాపురం పెడతాయి.

తనలాంటి వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చింది, ఎవరి సంతకం కోసం ఎన్నాళ్ళు తిరిగాను అన్నవి రాయను. అవి చదివితే నాకే ఆవలింతలొస్తాయి. ఒక గాజు ఇల్లు, అందులో కొన్ని దబ్బ మొక్కలు, నేను చేసిన ఒక వెధవ పని, వీటి గురించి చెబుతాను. నా చదువంతా ఒక ఎత్తు, ఆ కొద్ది నెలలు ఒక ఎత్తు.

సముద్రపు ఊళ్ళో గాజు ఇల్లు

డెబ్భైల చివర్లో విశాఖపట్నం దగ్గర ఓ పెద్ద కర్మాగారం టౌన్‌షిప్‌కి తోటల మనిషిగా చేరాను. అప్పటికి కర్మాగారమూ లేదు, టౌన్‌షిప్పూ లేదు. చదును చేసిన ఎర్రమట్టి, పాతిన గూటాలు, దుమ్ము లేపుకుంటూ తిరిగే జీపులు, అంతే. ద్వారకా నగర్‌లో ఓ వాటా ఇంట్లో అద్దెకుండి, తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. సాయంత్రానికి అది ఇటుకరంగు చొక్కా అయి తిరిగొచ్చేది. ఇంకా కట్టని ఊరికి ముందుగానే చెట్లు పెంచిపెట్టడం మా పని. దానికో నర్సరీ, నర్సరీలో ఓ గాజు ఇల్లు ఉండేవి.

చలిదేశంలో ఇలాంటిది చూసొచ్చిన ఓ అధికారి ముచ్చటపడి దాన్ని కట్టించాడని చెప్పుకునేవారు. చలిదేశంలో అది సుఖంగానే ఉంటుంది. మన విశాఖలో, ఊరికే నిలబడితేనే చొక్కా తడిసిపోయే చోట, గాజు ఇల్లేమిటండీ? వెలుతురు రావడానికి గాజు పెట్టారు. ఆ వెలుతురుకి మొక్కలు మాడిపోతున్నాయని ఎండాకాలం గాజు మీద మేం సున్నం కొట్టేవాళ్ళం. పదకొండు దాటితే మనిషి లోపల నిలవలేడు. పురుగులు మాత్రం హాయిగా నిలిచేవి. వానా లేదు, గాలీ లేదు, వాటిని తినే పిట్టా లేదు. ఇంతకంటే ఏం కావాలి వాటికి?

అన్నింట్లోకీ మొండిది పిండినల్లి. చూడని వాళ్ళకు చెబుతున్నాను, కొమ్మ మీద చిటికెడు పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఆ పిండి కింద చిన్న పురుగు రసం పీలుస్తూ కూర్చుంటుంది. తియ్యటి జిగురు కారుస్తుంది. ఆ జిగురు మీద నల్ల బూజు పడుతుంది. చూస్తుండగానే ఆకు మసిగుడ్డలా తయారవుతుంది. పైన పిండి ఉండడం వల్ల మందు నీళ్ళు దాని ఒంటికి తగలవు, జారిపోతాయి.

మందు మీద నమ్మకం

కొత్తలో నాకు మందు మీద అంతులేని నమ్మకం. పురుగు చావకపోతే మోతాదు పెంచాలి, అప్పటికీ చావకపోతే ఇంకా పెంచాలి. నా శాస్త్రజ్ఞానం అంతవరకే. ఒకరోజు జామ అంట్లకు గట్టి మందు కలిపించి, తలుపులు వేయించి, పది గంటల ఎండలో అప్పన్న చేత కొట్టించాను. అప్పన్న మా మందు పంపు మనిషి. మూతికి తువ్వాలు చుట్టుకుని లోపలికెళ్ళాడు. పావుగంటలో తలుపు తోసుకుని బయటికొచ్చి వాంతి చేసుకుని కూలబడ్డాడు.

డిస్పెన్సరీలో సాయంత్రం దాకా పడుకోబెట్టారు. తేరుకున్నాడు. మర్నాడు గోడ అవతల జీపు డ్రైవరుతో అతను అంటున్న మాట నా చెవిన పడింది.

"బావా, ఈ సారు పురుగుల్ని సంపుతాడో మనల్ని సంపుతాడో తెలీటం లేదు."

నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. వారం తిరిగేసరికి జామ అంట్ల మీద పిండినల్లి మళ్ళీ వచ్చింది, ముందుకంటే బలంగా. నా మందుకి చచ్చిందల్లా దాన్ని తినే పురుగులే. ఈ సంగతి తెలిసేసరికి నాకు మూడేళ్ళు పట్టింది. మీకు ఒక్క వాక్యంలో చెప్పేశాను, ఉంచుకోండి.

పైడమ్మ చెట్టు

పైడమ్మ మా నర్సరీలో రోజు కూలీ. నలభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేది. నవ్వదు, ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే మాత్రం మనం మళ్ళీ మాట్లాడక్కర్లేదు. కర్మాగారం కోసం ఖాళీ చేయించిన ఊళ్ళలో వాళ్ళదొకటి. ఆ ఊరి పేరు ఇప్పుడు ఏ బస్సు మీదా కనబడదు.

ఒకరోజు నా దగ్గరకొచ్చి, వాళ్ళ దొడ్లో దబ్బ చెట్టుందని, నెలా రెండు నెలల్లో బుల్డోజరు వస్తుందని చెప్పింది. ఆ వీధి వీధంతా పచ్చడికి ఆ చెట్టు కాయలే కోసుకునేవారట. అందుకని ఇంకెవరూ వేసుకోలేదు. ఇప్పుడు ఆ వీధి జనం తలో కాలనీకీ చెదిరిపోతున్నారు.

"మా అత్త ఏసిన సెట్టు బాబూ. మనుసులం ఎక్కడికైనా ఎలిపోతాం. సెట్టునెలాగ మోసుకెల్తాను?"

వెళ్ళి చూశాను. పల్చటి తొక్క, చేదన్నది లేని కాయ. అలాంటి దబ్బ నేను అంతకు ముందు తినలేదు, ఆ తర్వాతా తినలేదు. మొత్తం ఇరవై నాలుగు కొమ్మలకు గాలి అంట్లు కట్టాను. అంటే, కొమ్మకు ఉంగరంలా బెరడు తీసి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, వేళ్ళు వచ్చేదాకా ఆగడం. అది వానాకాలం, మాకు కలిసొచ్చింది. పంతొమ్మిదింటికి వేళ్ళు వచ్చాయి. కోసి కుండీల్లో పెట్టి గాజు ఇంట్లోకి చేర్చాం. తర్వాతి వారంలోనే ఆ దొడ్డి చదునైపోయింది. పైడమ్మ ఆ రోజు కూడా పనిలోకి వచ్చింది. పంతొమ్మిది కుండీలకూ నీళ్ళు పోసింది.

కాబట్టి ఆ దబ్బ జాతి ఈ భూమ్మీద మిగిలింది మా గాజు ఇంట్లోనే. పిండినల్లి కూడా అక్కడే ఉంది.

దేవదానం గారి గడువు

చలికాలం వచ్చేసరికి పంతొమ్మిది మొక్కలకూ పిండినల్లి పట్టింది. ఆకులు నల్లబడ్డాయి, కొత్త చిగుళ్ళు ముడుచుకుపోయాయి. సరిగ్గా అప్పుడే మా పై అధికారి దేవదానం గారు వచ్చారు. ఆయన సివిల్ ఇంజనీరు. మొక్కలంటే ద్వేషం లేదు, కాకపోతే కాంక్రీటులా అవి కూడా ఇరవై ఎనిమిది రోజుల్లో గట్టిపడాలనేవారు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ సైటుకి. మాట ఇస్తే తప్పని మనిషి. రెండు నెలల్లో పైనుంచి పెద్దలు నర్సరీ చూడడానికి వస్తున్నారని చెప్పి, ఆ దబ్బ మొక్కల వంక చూసి ముక్కు చిట్లించారు. ఇవన్నీ తీయించి తగలబెట్టించి, గాజు ఇల్లు కడిగించి క్రోటన్లు పెట్టించమన్నారు.

ఆయన చెప్పింది తప్పు కాదండీ. జబ్బు మొక్కల్ని తగలబెట్టమనే పుస్తకాలూ చెబుతాయి. నేను రెండు నెలలూ నాకే వదిలేయమని బతిమాలాను. ఆయన ఆలోచించి సరేనన్నారు. ఆ రోజుకి శుభ్రంగా ఉంటే ఉంచుతాను, లేకపోతే నీ చేత్తోనే అగ్గిపుల్ల గీయాలి అన్నారు. ఇదంతా పైడమ్మ కుండీల వెనకనుంచి విన్నది. ఆయన వెళ్ళాక నావైపు చూసింది. ఆ చూపుకంటే తిట్టినా బాగుండేది.

పురుగుల పార్శిల్

నాతో చదువుకున్న సుందరం బెంగుళూరు దగ్గర ద్రాక్ష తోటల్లో పనిచేసేవాడు. పిండినల్లిని తినే ఓ అక్షింతల పురుగుని వాడక్కడ పెంచుతున్నాడని తెలిసి ఉత్తరం రాశాను. వాడు ముందుగా ఓ ఇన్లాండు ఉత్తరం, వెనకాలే రైల్లో ఓ పార్శిల్ పంపాడు. స్టేషన్లో పార్శిల్ గుమాస్తా డబ్బాకున్న చిల్లుల వంక అనుమానంగా చూశాడు.

"లోపలేటున్నాది?"

"పురుగులు."

"పురుగుల మందా?"

"కాదండీ, పురుగులే."

ఆయన డబ్బాని నా వైపు రెండు వేళ్ళతో తోశాడు. సంతకం కూడా దూరం నుంచే పెట్టమన్నాడు.

ఉత్తరంలో సుందరం ఒక షరతు రాశాడు. చీమలుంటే ఈ పురుగులు బతకవు, ముందు చీమల్ని వదిలించుకో అని. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, తినడానికొచ్చిన వాటిని తరిమేస్తాయి. మా దగ్గర చీమలు బారులు తీరి ఉన్నాయి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని బారు వెంబడి వంగి వంగి వెళ్తే గుమ్మం దగ్గర తేలాను. గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గు. పైడమ్మ రోజూ పొద్దున్నే వేస్తుంది. నేను రోజూ దాన్ని దాటుకునే లోపలికెళ్తాను. అన్నాళ్ళూ నా కంటికి ఆనలేదు.

అరిచాను, ఒప్పుకుంటున్నాను. నీ మొక్కల్ని నువ్వే చీమలకు పెడుతున్నావు, వెళ్ళగొట్టు వాటిని ఇక్కణ్ణుంచి అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. చీమలకు పిండి పెట్టడం పుణ్యమని వాళ్ళత్త నేర్పిన పని అది. మర్నాడు గుమ్మం బోసిగా ఉంది. బల్లల కాళ్ళ కింద నీళ్ళ డబ్బాలు పెట్టించాను, ఇంట్లో అలమారుకి పెట్టుకున్నట్టు. అయినా చీమల తాకిడి తగ్గలేదు. నాలుగో రోజున చూస్తే పంపు షెడ్డు అవతల, గాజు ఇంటికి యాభై అడుగుల దూరంలో, పెద్ద ముగ్గు. పైడమ్మ దాన్ని అక్కడికి మార్చింది, పిండి కూడా రెట్టింపు పోసింది. వారం తిరిగేసరికి చీమల బారు అటు మళ్ళింది. అది నాకు తోచలేదు. తిట్టడం మాత్రమే తోచింది.

అప్పుడు పురుగుల్ని వదిలాం. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు తల, పెసరగింజంత ఉంటాయి. నాలుగు రోజులు కనిపించాయి, ఆ తర్వాత కనిపించడం తగ్గింది.

నా ఘనకార్యం

మూడు వారాలకు ఆకులు తిప్పి చూశాను. పిండినల్లి తగ్గకపోగా పెరిగింది. మామూలు వాటికి మూడింతలున్న తెల్లటి పురుగులు, ఒళ్ళంతా దూదిపోగులు వేలాడుతూ, ప్రతి కొమ్మ మీదా ఉన్నాయి. గడువు చూస్తే ఇంక నెలన్నా లేదు. నేను మర్నాడు ఎలమంచిలి వెళ్ళి రెండు రోజులుండాలి, అక్కడో రైతు దగ్గర మామిడి అంట్లు చూడాలి. పైడమ్మని పిలిచి, ఈ పెద్ద తెల్లవాటిని ఒక్కటి వదలకుండా ఏరి కిరసనాయిలు నీళ్ళలో వేయమన్నాను.

ఆమె కదలలేదు.

"బాబూ, ఇయి పిండినల్లి కాదేమో. పిండినల్లి కూకున్న సోటే కూకుంటాది. ఇయి నడుత్తన్నాయి. ఇయి ఉన్న కొమ్మ మీద పిండి తగ్గుతన్నాది, సూడండి."

నేను చూడలేదు. డిగ్రీ ఉన్నది నాకు. చెప్పిన పని చెయ్యి అన్నాను. బస్సుకి టైమవుతోంది కూడా.

ఎలమంచిలి నుంచి తిరిగొచ్చేసరికి పని పూర్తయింది. కిరసనాయిలు డబ్బాలో తెల్లగా అట్టకట్టి ఉన్నాయి. పిండినల్లి మాత్రం చెక్కుచెదరలేదు. నీ పురుగులు దండగరా సుందరం అని రాద్దామని కూర్చుని, వాడి చిరునామా కోసం పాత ఇన్లాండు ఉత్తరం తీశాను. చిరునామా కింద, అంటించే మడత మీద, చోటు చాలక ఇరికించి రాసిన రెండు వరుసలున్నాయి. వీటి పిల్లలు అచ్చం పెద్ద పిండినల్లిలాగే తెల్లగా ఉంటాయి, అవే ఎక్కువ తింటాయి, పొరపాటున చంపేవు సుమా, అని.

ఆకులు వెనక్కి తిప్పి చూడడం నా వృత్తి. ఉత్తరం తిప్పి చూడలేదు.

ఆ పూట పంతొమ్మిది మొక్కలూ కళ్ళ ముందు మండుతున్నట్టే ఉంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి పైడమ్మకి జరిగింది చెప్పేశాను, తప్పు నాదేనని, నువ్వు చెప్పినా వినలేదని. ఆమె నన్ను రమ్మని గాజు ఇంటి చివరి మూలకు తీసుకెళ్ళింది. అక్కడ ఓ కుండీ మీద పాత దోమతెర ముక్క కప్పి, అంచులకు రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఎత్తి చూపించింది. లోపల ఆ మొక్క నిండా తెల్ల పిల్లలు, దూదిపోగులు ఊపుకుంటూ తిరుగుతున్నాయి. కొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. కొత్త చిగురు కూడా వేసింది.

"సంపమన్నారని సంపినాను. ఈ ఒక్క మొక్క మీద సంపలేదు. తిడితే తిట్టండి."

ఎందుకు ఉంచావని అడిగాను.

"మీరు పుస్తకంలో సూసినారు. నాను మొక్క మీద సూసినాను కద బాబూ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడ అప్పన్న ఉన్నాడు కాబట్టి ముక్కు చీదుకున్నట్టు నటించాను.

బోర్డు

ఆ దోమతెర మొక్క నుంచి పిల్లల్ని కుంచెతో ఏరి, మిగతా మొక్కలకు పంచాం. పైడమ్మే ఎక్కువ పంచింది. అయినా ఎనిమిది మొక్కలు పోయాయి. మిగతావి కోలుకుంటున్నాయి గానీ, పెద్దలొచ్చే ముందు రోజుకి కూడా సగం ఆకుల మీద నల్ల బూజు అలాగే ఉంది. దేవదానం గారు అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని వచ్చారనే అనుకున్నాను. ఆయనకు ఒక్కటీ దాచకుండా చెప్పాను, కిరసనాయిలు డబ్బాతో సహా. ఆయన భూతద్దం అడిగి తీసుకుని, ఓ తెల్ల పిల్లపురుగు పిండినల్లిని పట్టుకుని తినడం ఎంతసేపు చూశారో చెప్పలేను. తర్వాత అప్పన్నని పిలిచి రంగు డబ్బా తెప్పించారు. రేకు మీద ఆయనే స్వయంగా పెద్దక్షరాలతో రాశారు, "ప్రయోగం జరుగుచున్నది. తాకరాదు" అని.

"దాచలేని దానికి బోర్డు పెట్టాలయ్యా" అన్నారు.

మర్నాడు వచ్చిన పెద్దలు క్రోటన్ల వైపు కన్నెత్తి చూడలేదు. బోర్డు దగ్గరే అరగంట నిలబడి, వంతులవారీగా భూతద్దంలో చూసి, ముచ్చటపడి వెళ్ళారు. మీకు దేవదానం గారిలాంటి అధికారి దొరకాలని కోరుకుంటున్నాను. దొరకడం కష్టమే. దొరికితే మాత్రం ఆయనకు అబద్ధం చెప్పకండి.

పదకొండు మొక్కలు

బతికినవి పదకొండు. వాటిని ఎవరికివ్వాలన్నది పైడమ్మ ఇష్టమని దేవదానం గారు చెప్పేశారు. తన బంగళాకి ఒకటి కావాలని ఆయనకు మనసులో ఉంది. ఆమె వరస చెప్పడం మొదలుపెట్టాక అడగడం మానేశారు. వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఇప్పుడు ఎవరు ఏ కాలనీలో ఉన్నారని కాదు, పాత ఊళ్ళో ఆ వీధిలో ఎవరి ఇల్లు పక్కన ఎవరి ఇల్లో ఆ వరసలో. వాళ్ళ ఇంటితో కలిపి పదకొండు ఇళ్ళకు సరిపోయాయి. మేం జీపులో మూడు కాలనీలు తిరిగి అందరికీ ఇచ్చి వచ్చాం.

దారిలో నేను సిగ్గు విడిచి అడిగాను, ఈసారి అంట్లు కడితే నాకూ ఒకటిస్తావా అని.

"మీకెందుకు బాబూ. మీ ఊరు మీకున్నాది కద. ఏటనుకోకండి. కాయ కాసినప్పుడు కబురెడతాను, అన్నానికి రండి."

నేనేమీ అనుకోలేదు. నిజం చెప్పినందుకు ఏమనుకుంటాం?

మూడేళ్ళకు అప్పన్న చేత కబురొచ్చింది. కొత్త కాలనీలో వాళ్ళ ఇంటి ముందు దబ్బ చెట్టు నా భుజం దాటి పెరిగింది, ఏడెనిమిది కాయలతో. అలవాటు కొద్దీ ఆకులు తిప్పి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. చెట్టు మీద ఒక్క చీమ కూడా లేదు. అదేమిటా అని చుట్టూ చూస్తే, గుమ్మంలో ముగ్గు లేదు. దొడ్డికి ఆ చివర, దడి పక్కన, చెట్టుకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో, బియ్యప్పిండి ముగ్గుంది. దాని నిండా చీమలు. ఇంకా పెడుతున్నావా వీటికి అన్నాను నవ్వుతూ. ఆమె కంచం కడుగుతూ తలెత్తలేదు.

"ఎల్లగొట్టమన్నారు మీరు. పొమ్మంటే ఎక్కడికి పోతాయి బాబూ? ఆటికీ ఓ సోటు సూపించాల కద."

నేను కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి కూర్చున్నాను. పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాను.